కాయితాల సారె

ముందుగా ఒట్టు. మా చోడవరం స్వయంభూ వినాయకుడి సాక్షిగా, ఇరవై రెండేళ్లుగా నాకు అన్నం పెడుతున్న జెరాక్సు మిషను మీద కుడిచెయ్యి వేసి చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెడతారని నాకు తెలుసు. నవ్వుకోనివ్వండి. మీరు నన్ను ఎరగరు కదా, మీరు నమ్మండి.

అది విశాఖపట్నం జిల్లా మూడు ముక్కలైన ఏడాది. విశాఖ జిల్లాలో పడుకున్న మేము తెల్లారి అనకాపల్లి జిల్లాలో లేచాం. మంచం మాత్రం అంగుళం కదల్లేదు. నా కొట్టు బోర్డు మీద ఇప్పటికీ విశాఖపట్నం జిల్లా అనే ఉంది, పెయింటరు దొరక్క. కాగితాల మీద జిల్లా పేరు మార్పించుకోవాలో అక్కర్లేదో ఎవరికీ సరిగ్గా తెలియదు గానీ, ఎందుకైనా మంచిది నకలొకటి తీసి ఉంచుకోవాలని మాత్రం అందరికీ తెలుసు. దాంతో ఆ వేసవంతా నా కొట్టు ముందు జాతరే. క్యూ ఆర్టీసీ కాంప్లెక్సు దాకా వెళ్లి, అక్కడ బస్సుకోసం నిలబడ్డవాళ్ల క్యూలో కలిసిపోయేది. కొందరు నకలు తీయించుకుందామని నిలబడి వడ్డాది బస్సెక్కి వెళ్లిపోయారు.

నా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. జెరాక్సు, లామినేషన్ అందరికీ తెలిసినవే. స్పైరల్ బైండింగ్ అంటే, విడి కాగితాలకు ఎడమ అంచున పైనుంచి కిందిదాకా వరసగా చిల్లులు పొడిచి, వాటిలోంచి ప్లాస్టిక్ చుట్ట ఎక్కించి పుస్తకంలా చేయడం. ఆ చిల్లులు పొడిచేది పంచింగ్ మిషను. ఒక్కసారి పిడి నొక్కితే నలభైకి పైగా చిల్లులు. అందులోంచి రాలిన కాగితపు చుక్కలు కిందనున్న ట్రేలో పడతాయి. నాకీ విద్య నేర్పిన గురువు అనకాపల్లిలో ఉండేవాడు. ఆయన చెప్పిన సూత్రం ఒక్కటే: "ఒరే, ముందు కాపీ, తరవాత పంచి. కాపీ తియ్యకుండా ఒరిజినల్ మీద సెయ్యెయ్యకు, సెయ్యి ఇరిగిపోద్ది." ఇరవై ఏళ్లు ఆ సూత్రం తప్పలేదు. తప్పింది ఒక్కసారి.

ఆ వేసవిలోనే ఒక పొద్దున్న కొట్టు ముందు ఆటో ఆగింది. అందులో ఒక ట్రంకుపెట్టె, పెట్టె పక్కన వరహాలమ్మ గారు. పెట్టె దించడానికి నలుగురం పట్టాం. అది దిగాక గానీ గాల్లోకి లేచిన ఆటో ముందు చక్రం మళ్లీ నేలకు ఆనలేదు.

వరహాలమ్మ గారు వడ్డాది పక్క పల్లెలకు పాతికేళ్లకు పైగా బ్రాంచి పోస్టుమాస్టరుగా చేశారు. మా ఊరూ ఆ పల్లెల్లో ఒకటి. లారీ మీద ఊళ్లు తిరిగే మా నాన్న కార్డు ముక్క రాస్తే, చదువురాని మా అమ్మకు గుమ్మంలో నిలబడి చదివి వినిపించింది ఈవిడే. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పోస్టమ్మ. అప్పటికి డెబ్బై ఆరేళ్లు. ఒక కంటికి శుక్లం తీయించారు, రెండోది తీయించాలి.

"ఒరే సన్యాసీ, ఈ పెట్టికి ఓ ఇల్లు సూడరా," అన్నారు.

"పెట్టికి ఇల్లేటి పోస్టమ్మా? అద్దెకా, సొంతానికా?"

"నీ ఎటకారం తగలెయ్య. ముందు మూత తీ."

తీశాను. లోపల నాఫ్తలీన్ వాసన, గుడ్డసంచిలో కాగితాల కట్టలు. ఆవిడ పుట్టింటి వంశం అది. తాతగారు ఒక పొడుగాటి లెడ్జరు కాగితాల మీద తండ్రి, కొడుకు, మనవడు అంటూ ఏడు తరాల మగవాళ్ల పేర్లు రాసిపెట్టి పోయారు. ఎడమ పక్క ఎర్రగీత కొట్టి మార్జిను వదిలారు. ఆడపిల్లల పేరు ఒక్కటి లేదు. పెళ్లయితే ఇంటిపేరు మారిపోయేదానికి ఇక్కడ లెక్కేమిటని ఆయన ఉద్దేశం కాబోలు. పోస్టమ్మ గారు ఉత్తరాలు పంచుతూ ఏ గుమ్మంలో ముసలమ్మ కనిపిస్తే ఆ గుమ్మంలో కూర్చుని అడిగారు. "మా ముత్తాత అప్పసెల్లెల్ని ఏ ఊరిచ్చేరు, ఏటి పేరు?" ముప్ఫై ఏళ్లు అడిగారు. దొరికిన ప్రతి పేరునూ తాతగారు వదిలిన మార్జిన్లోనే, అన్నదమ్ముల పేరు పక్కన, పెన్సిలుతో సన్నగా రాశారు. ప్రతి పేరు కింద ఇంకో రెండు మాటలు: చెప్పినవారు ఎవరు, అది రూఢా, వినికిడా.

"పెన్సిలేటి?" అన్నాను.

"తప్పని తేల్తే సెరపాలి కదరా. పెన్నుతో రాసింది సెరిపితే కాయితం సిరుగుద్ది."

ఆవిడ ఉంటున్న అద్దె ఇంటిని యజమాని నెలాఖరుకు పడగొట్టేస్తున్నాడు. అనకాపల్లిలో మేనకోడలు రమ్మంటోంది, రెండు గదుల ఇంట్లోకి. "అత్తా, నువ్వు రా, నీ మంచం తెచ్చుకో, ఆ పెట్టి మాత్రం ఒద్దు," అందట. పాత సామాన్లవాడు అప్పుడే రెండుసార్లు పెట్టె చుట్టూ తిరిగి వెళ్లాడు. గ్రంథాలయంలో అడిగితే, అక్కడి ఆయన చాలా మర్యాదగా, "అమ్మా, పుస్తకమైతే నంబరేసి బీరువాలో పెడతాను, ఇవి కాయితాలు," అన్నారట. రావికమతంలో సత్తిబాబు అని వరసకు మనవడు ఉన్నాడు. ఈ వంశపు ఆడపడుచు ఒకావిడకు కొడుకు కొడుకు. పెద్ద మేడ, ఖాళీ గదులు.

"ఆడేటన్నాడు?"

"మా నానమ్మని రెండో పెళ్లాం అని రాసేవంట, ఆ ముక్క కొట్టీ, అప్పుడు ఉంచుతాను అన్నాడు. రూఢి అని రాసిన ముక్క నేనెలాగ కొడతానురా? ఆవిడే స్వయాన సెప్పింది నాకు."

నాకు హుషారు వచ్చింది. "పుస్తకమైతే పెడతానన్నారు కదా గ్రంథాలయం ఆయన? పుస్తకం చేసేద్దాం. స్పైరల్ వేసి, పైన అట్ట వేసి, సాయంత్రానికి ఇస్తాను. ఎవడు కాదంటాడో చూద్దాం," అన్నాను.

ఆవిడ నా బల్ల పక్కన కూర్చుని కాఫీ తాగుతున్నారు. కొట్టు ముందు జనం. ఒకడు ఆధార్ అంటాడు, ఒకడు పాసుపుస్తకం అంటాడు, ఒకావిడ తన నకలు పక్కవాడు పట్టుకుపోయాడని కేకలు. ముందు కాపీ తీయాలన్న సంగతి నాకు గుర్తుంది. కానీ రెండు మిషన్లూ ఖాళీ లేవు, పంచింగ్ మిషను ఒక్కటీ ఖాళీ. కట్టలు సర్ది, ఎడమ అంచు పెట్టి, పిడి నొక్కాను. ఇరవై కాగితాల కట్టలు మూడు. మూడు నొక్కులు.

మూడో నొక్కు దగ్గర గ్లాసు కిందపెట్టిన చప్పుడు వినిపించింది.

"ఒరే! ఏ అంచుకి పొడిసేవురా?"

ఎడమ అంచుకి. మార్జినుకి. ఏ పుస్తకానికైనా అటే కదా పొడుస్తాం. పై కాగితం తీసి చూశాను. ఎర్రగీతకు ఇవతల మగవాళ్లంతా చెక్కుచెదరకుండా ఉన్నారు. అవతల ఆడపిల్లలందరికీ చిల్లులు. వెంకాయమ్మలో 'కా' లేదు. సింహాచలమ్మలో ముందూ లేదు, వెనకా లేదు. ముప్ఫై ఏళ్ల నడక నా ట్రేలో చుక్కలై రాలింది.

ఆవిడ తిడితే బాగుండేది. అద్దాలు తుడుచుకుని, ఒక్కో కాగితాన్నీ వెలుగుకు ఎత్తి పట్టుకుని, చిల్లుల్లోంచి రోడ్డును చూశారు. "ఇందుకేనేటిరా తాత వీళ్లని రాయలేదు," అన్నారు.

నేను క్యూలో ఉన్న జనాన్ని పంపేశాను. షట్టరు సగానికి దించాను. వ్యాపారం మొదలుపెట్టాక పట్టపగలు షట్టరు దించడం మా అమ్మ పోయినరోజు తరవాత అదే.

మూడు మధ్యాహ్నాలు కూర్చున్నాం. ఆవిడ చిల్లుపడ్డ పేరు మీద వేలు పెట్టి గుర్తుచేసుకోవడం, నేను ట్రే బోర్లించి, పేపరు పరిచి, భూతద్దం పట్టుకుని చుక్కలు ఏరడం. ట్రేలో ఆరు నెలల చుక్కలు ఉన్నాయి: బీఈడీ పిల్లల ప్రాజెక్టులు, సొసైటీ రిపోర్టులు, ఎవరిదో జాతకం. పెన్సిలు గీత ఉన్నవి ఏరడమంటే ఇసకలో ఆవాలు ఏరడమే. అయినా చాలా పేర్లు తేలాయి. ఆవిడ జ్ఞాపకం అలాంటిది. ఒక్క అక్షరం మిగిలి ఉంటే చాలు, పేరు, ఊరు, చెప్పిన మనిషి, ఆ పూట ఆ గుమ్మంలో ఆవిడకు ఏం పెట్టారో కూడా చెప్పేవారు.

"వెంకాయమ్మ. దేవరాపల్లి అవతల ఇచ్చేరు. ఆళ్ల కోడలు సెప్పింది, తంపటేసిన తేగలెట్టింది."

"పైడమ్మ. రావికమతం. సత్తిబాబు నానమ్మ ఈవిడే. రెండో పెళ్లికి ఇచ్చేరు. మజ్జిగ ఇచ్చింది, ఉప్పెయ్యలేదు."

తేలిన పేరునల్లా ఎర్రగీత ఇవతల, మగవాళ్ల పక్కన ఖాళీలో, ఈసారి పెన్నుతో రాస్తూ పోయారు. ఇంక ఏ వెధవా చిల్లు పొడవలేని చోట.

మూడో మధ్యాహ్నం ఒక పేరు దగ్గర ఆగిపోయాం. దేవరాపల్లి వైపే ఇచ్చిన మూడో ఆడపిల్ల, తొలి కాన్పులో పోయింది. ఆ పేరు చెప్పిన ముసలమ్మ కూడా పోయి పదేళ్లయింది. కాగితం మీద చివరి 'మ్మ' ఒక్కటే మిగిలింది. మా వైపు ఆడవాళ్ల పేర్లలో 'మ్మ' మిగిలిందంటే ఏమీ మిగలనట్టే.

ఆవిడ కళ్లు మూసుకున్నారు. "రావట్లేదురా," అన్నారు. "పదిహేడేళ్లు బతికింది ఆ గుంట. ఉన్నాదని సెప్పడానికి ఈ పేరొక్కటే మిగిలింది. అదీ పోయింది."

నేను మళ్లీ ట్రే మీద పడ్డాను. పట్టకారు, భూతద్దం, చెమట. చివరికి పేపరు మడతలో రెండు చుక్కలు దొరికాయి. ఒకదాని మీద 'గౌ', ఇంకోదాని మీద 'ర'. అరచేతిలో పెట్టుకుని ఆవిడకు చూపించబోయేసరికి కరెంటు వచ్చి పైన ఫ్యాను తిరిగింది. రెండు చుక్కలూ లేచి రోడ్డు మీదికి పోయాయి. అయితేనేం, నేను చదివేశాను.

"గౌరమ్మ!" అన్నాను.

ఆవిడ నావైపు చూశారు. శుక్లం తీసిన కన్ను చాలా చురుకైనది. "రూఢేనా?"

"రూఢే."

కాగితం దగ్గరికి లాక్కుని వంగి రాసుకున్నారు.

పేర్లన్నీ అయ్యాక ఇద్దరం నీరసంగా కూర్చున్నాం. నెలాఖరుకు రెండు వారాలే ఉంది. పెట్టె మాత్రం అక్కడే ఉంది. నాకు నోరు ఊరుకోదు కదా, అన్నాను: "పోస్టమ్మా, ఇంతమంది ఆడపడుచులు, ఇన్నిళ్లు! ఇన్నిళ్లున్న మనిషి ఒక్క బీరువా కోసం ఏడుస్తారేటి? ఆడపిల్లెళ్లిన ఇంటికి సారెల్లాలి. ఈళ్లెవరికీ కాయితం ఎల్లనేదు. కాయితాల సారె పంపీండి."

హాస్యానికే అన్నాను. ఆవిడ నవ్వలేదు.

సారె అంటే తెలియనివాళ్లకు చెప్పాలి. ఆడపిల్లను అత్తవారింటికి పంపినప్పుడు పుట్టింటివాళ్లు చలిమిడి, అరిసెలు, సున్నుండలు, రవికెల గుడ్డ కలిపి పంపుతారు. అత్తగారు దాన్ని వీధంతా పంచుతుంది. ఈ పిల్ల వెనక ఒక ఇల్లుందని ఊరికి తెలియజేయడమే సారె. మా అమ్మకు పుట్టింటివాళ్లు ఎవరూ మిగల్లేదు. పక్కింటి సారె పళ్లెం మా గుమ్మానికి వస్తే నేను చలిమిడి కోసం గెంతేవాణ్ణి. అమ్మ పళ్లెం ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని గుప్పెడు బియ్యం పోసి ఇచ్చి, లోపలికి వెళ్లిపోయేది. ఇంకో సంగతి: గుమ్మం దాకా వచ్చిన సారెను తిప్పి పంపరు. పగవాడి ఇంటి నుంచి వచ్చినా సరే. ఆడపడుచు ఉసురు తగులుతుందని భయం.

"కాయితాలొద్దన్న ఎదవలు," అన్నారు పోస్టమ్మ మెల్లిగా, "సారె ఒద్దనగలరేటిరా?"

ఈసారి సూత్రం తప్పలేదు. ముందు కాపీ. మొత్తం వంశమంతా పంతొమ్మిది కాపీలు తీసి, పంతొమ్మిదీ బైండింగ్ చేశాను, కుడి అంచుకి. కాపీతోపాటు ఏ ఆడపడుచు పేరున్న అసలు కాగితం ఆవిడ అత్తవారింటికి. నాలుగు మూలలా పసుపు. పైన చలిమిడి ముద్ద, రవికెల గుడ్డ. ఊళ్లు మారి గాజువాక, విజయనగరం చేరినవాళ్లకు మాత్రం రిజిస్టరు పోస్టు. కవర్ల మీద పిన్‌కోడ్లు ఆవిడే రాశారు, ఎక్కడా చూసుకోకుండా. మిగతా ఇళ్లకు రెండు ఆదివారాలు ఆటోలో తిరిగాం.

రావికమతంలో సత్తిబాబు గుమ్మంలోనే నిలబడ్డాడు. "మళ్లీ ఆ కాయితాలేనా మామ్మా? నేను ముందే సెప్పేను కదా."

"కాయితాలు కావురా, సారె. మీ నానమ్మకి. డెబ్బయ్యేళ్లు ఆలీసమైపోయింది."

అతను నోరు తెరిచేలోపు భార్య లక్ష్మి లోపలి నుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి పళ్లెం అందుకుంది. "గుమ్మంలోకొచ్చిన సారెతో బేరాలేటి మీకు? తప్పుకోండి," అంది మొగుణ్ణి. పళ్లెం దేవుడి దగ్గర పెట్టి, పసుపంటిన కాగితం తీసి పైకి చదివింది. "పైడమ్మ. రావికమతం ఇచ్చారు, రెండో పెళ్లి. చెప్పినవారు: తానే. రూఢి."

సత్తిబాబు ఆ కాగితం అందుకున్నాడు. "పైడమ్మా? మేమంతా సిన్నమామ్మ అనే పిలిసేవోళ్లం. ఆవిడికో పేరుందని..." అన్నాడు.

మర్నాడు నా కొట్టుకు వచ్చాడు, ఆ కాగితం పట్టుకుని. "లామినేషన్ సెయ్యి బాబూ."

"ఆ రెండో అన్న ముక్క మీద తెల్ల ఇంకు పెట్టమంటారా?" అన్నాను, దురద ఆపుకోలేక.

"ఉండనీ," అన్నాడు. "ఆవిడే సెప్పుకుందంట కదా."

ఒక కాపీ గ్రంథాలయానికీ ఇచ్చాం. చుట్ట ఎక్కింది, అట్ట ఉంది, పుస్తకమే అని ఆయన ఒప్పుకుని నంబరేశారు. ఒకటి మేనకోడలికి. ఆవిడా చచ్చినట్టు పుచ్చుకుంది, సారె కదా. ట్రంకుపెట్టె ఖాళీ అయింది. అది ఇప్పుడు నా కొట్టులోనే ఉంది. అందులో ఏ-ఫోర్ కాగితాల రీములు పెట్టుకుంటున్నాను.

ఈ వ్యవహారం నాకు నేర్పింది రెండు. మార్జిను ఖాళీ స్థలం కాదు, పిడి నొక్కే ముందు అక్కడ ఎవరున్నారో చూడాలి. రెండోది, కాగితానికి ఇల్లు వెతకాల్సింది బీరువాల్లో కాదు, అందులో పేరున్న మనిషి వెళ్లిన దారిలో. ఇప్పటికీ ఎవరైనా ఇంటి కాగితాలు తెస్తే, బైండింగ్ సంగతి తరవాత, ముందు ఇదే చెబుతాను.

ఇక్కడితో ఆపితే గౌరవంగా ఉండేది. కానీ మిషను మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాను, రేపు అది పేపరు నమిలేస్తే కష్టం. కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఆటో చక్రం గాల్లోకి లేవలేదు. పెట్టె దించింది నలుగురం కాదు, ఆటోవాడూ నేనూ. క్యూ కాంప్లెక్సు దాకా వెళ్లలేదు, పక్క బడ్డీకొట్టు దాకా వెళ్లింది.

ఇంకా, ట్రేలో నాకు ఏ చుక్కలూ దొరకలేదు.

'గౌ' లేదు, 'ర' లేదు. ఫ్యాను తిరిగిన మాట నిజం. కళ్లు మూసుకుని కూర్చున్న ఆవిణ్ణి చూడలేక, నోటికి వచ్చిన పేరు చెప్పేశాను. గౌరమ్మ మా అమ్మ పేరు. ముప్ఫై ఏళ్ల కిందట కార్డు ముక్కల మీద చదివిన పేరు ఎవరికి గుర్తుంటుందిలే అనుకున్నాను.

అనకాపల్లి వెళ్లిపోయే రోజు పోస్టమ్మ ఆటో నా కొట్టు ముందు ఆపించారు. దిగలేదు. గుడ్డ కప్పిన పళ్లెం ఒకటి నా చేతికిచ్చారు. "గౌరమ్మకి సారె రాలేదని అనుకోకూడదు కదరా. మీ అమ్మ ఫొటో కాడెట్టు," అన్నారు. ఆటో కదిలిపోయింది. నేను ఒక్క అబద్ధం కూడా తోచక నిలబడిపోయాను.

పళ్లెంలో చలిమిడి, రవికెల గుడ్డ, వాటి కింద ఆ చిల్లుల కాగితం. మిగతా పేర్లన్నీ పెన్నుతో రాసి ఉన్నాయి. ఆ ఒక్కటీ పెన్సిలుతో ఉంది. "గౌరమ్మ. దేవరాపల్లి వైపు ఇచ్చారు. చెప్పినవారు: జెరాక్సు సన్యాసిరావు. రూఢి కాదు."

దేవరాపల్లి వైపు పాత ఇళ్లవాళ్లు ఎవరైనా ఇది చదువుతూ ఉంటే, తొలి కాన్పులో పోయిన ఆ గుంట అసలు పేరు మీ ఇంట్లో ఎవరికైనా తెలిస్తే, నా కొట్టుకు రండి. పెన్సిలు చెరిపే రబ్బరు నా బల్ల సొరుగులోనే ఉంది. మా అమ్మ ఏమీ అనుకోదు, పక్కకు జరుగుతుంది.